ఒకే యాప్, రెండు దారులు: కోర్సు ఫీజు కట్టే ముందు మీ చేత్తో చేసి చూడండి

హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడుస్తుంటే చేతిలో పాంప్లెట్లు పడుతూనే ఉంటాయి. ఒకదాని మీద ఫ్లట్టర్, ఇంకోదాని మీద కోట్లిన్‌తో ఆండ్రాయిడ్, మరోదాని మీద రియాక్ట్ నేటివ్. ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఏ మెట్లెక్కినా ఫ్రీ డెమో దొరుకుతుంది. ఎవరి డెమోలో వాళ్ల కోర్సుదే రాజ్యం. మూడు డెమోలు విన్నాక కొత్తవాళ్లకు ముందున్న కాస్త స్పష్టత కూడా పోతుంది. "ఏది నేర్చుకోమంటారు సార్?" అని అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ఒక చిన్న యాప్ తీసుకుని రెండు పద్ధతుల్లోనూ కట్టండి, ఒకే ఫోన్‌లో పక్కపక్కన పెట్టి చూడండి, ఆ తర్వాతే ఫీజు కట్టండి. ఆ పనే ఇప్పుడు మనం కలిసి చేద్దాం.

ముందు రెండు దారులేమిటో చూద్దాం. ఫోన్ వ్యవస్థను తయారుచేసిన కంపెనీ ఇచ్చిన పనిముట్లతోనే యాప్ రాస్తే అది నేటివ్. ఆండ్రాయిడ్‌కు కోట్లిన్, ఆండ్రాయిడ్ స్టూడియో. ఐఫోన్‌కు స్విఫ్ట్, ఎక్స్‌కోడ్. ఒక్కసారి రాసిన కోడ్‌నే రెండు రకాల ఫోన్లకూ తయారుచేసి ఇచ్చేవి క్రాస్ ప్లాట్‌ఫామ్ పనిముట్లు. 2015లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబర్‌లో 1.0గా వచ్చిన గూగుల్ వారి ఫ్లట్టర్, మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ మావి, జెట్‌బ్రెయిన్స్ వారి కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ ఈ కోవలోవే.

మనం కోట్లిన్‌నూ ఫ్లట్టర్‌నూ తీసుకుందాం. రెండూ ఉచితం, రెండూ విండోస్ ల్యాప్‌టాప్ మీద నడుస్తాయి. పైగా ఆండ్రాయిడ్ పనిముట్లు ఒకసారి పెట్టుకుంటే రెండింటికీ సరిపోతాయి.

మనం కట్టబోయే యాప్ చాలా చిన్నది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న మెట్రో రెడ్ లైన్‌లోని 27 స్టేషన్ల జాబితా, పైన ఒక వెతుకు పెట్టె, కింద "దగ్గరి స్టేషన్ ఏది?" అనే ఒక బటన్. అంతే. జాబితా, టైపింగ్, జీపీఎస్ అన్న ఈ మూడూ వచ్చాయంటే రెండు దారుల మధ్య తేడా దాదాపుగా బయటపడుతుంది.

కావాల్సినవి

ల్యాప్‌టాప్: 8 జీబీ ర్యామ్‌తో పని జరుగుతుంది, 16 ఉంటే హాయి. 8 మాత్రమే ఉంటే ఎమ్యులేటర్ జోలికి పోవద్దు. అసలు ఫోన్‌నే తగిలించుకుందాం.

ఆండ్రాయిడ్ ఫోన్: ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్ అయితే మరీ మంచిది. కొత్త ఖరీదైన ఫోన్‌లో ఏ యాప్ అయినా పరుగెడుతుంది, తేడా తెలియదు.

డేటా కేబుల్: రోడ్డు పక్కన దొరికే కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరావు. ఫోన్ చార్జ్ అవుతూ ల్యాప్‌టాప్‌లో మాత్రం కనిపించకపోతే ముందు కేబుల్‌నే అనుమానించండి.

ఇంటర్నెట్: డౌన్‌లోడ్లు జీబీల్లో ఉంటాయి. హాస్టల్ వైఫై రాత్రి పూట అందరూ వాడతారు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టండి.

ఇంకో ఫోన్: వీడియో తీయడానికి. ఎందుకో తర్వాత చెబుతాను.

మ్యాక్ అవసరం లేదు. మనం ఆండ్రాయిడ్ వరకే చేస్తున్నాం.

పద్ధతి: ముందు నేటివ్

1. ఆండ్రాయిడ్ స్టూడియో ఇన్‌స్టాల్ చేసి తెరవండి. ఎస్‌డీకే మేనేజర్‌లో ఎస్‌డీకే టూల్స్ అనే ట్యాబ్‌కు వెళ్లి "కమాండ్ లైన్ టూల్స్" పక్కన టిక్ పెట్టండి. ఇప్పుడు దానితో పని లేనట్టే ఉంటుంది. కానీ ఇది లేకపోతే రేపు ఫ్లట్టర్ దగ్గర ఎర్ర గుర్తు వస్తుంది, కారణం వెతుక్కుంటూ పూట గడిచిపోతుంది.

2. ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కు వెళ్లి బిల్డ్ నంబర్ మీద 7 సార్లు తట్టండి. డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కొన్ని షావోమీ ఫోన్లలో "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" అని ఇంకో మీట ఉంటుంది, దాన్నీ ఆన్ చేయాలి. కేబుల్ తగిలించగానే ఫోన్ తెర మీద అనుమతి అడుగుతుంది. తెర లాక్ అయి ఉంటే ఆ ప్రశ్న కనపడదు, గమనించండి.

3. కొత్త ప్రాజెక్టులో ఎంప్టీ యాక్టివిటీ ఎంచుకోండి. ఇప్పుడు యాప్‌ను కట్టిపెట్టే గ్రేడిల్ అనే పనిముట్టు తన సామాను దింపుకోవడం మొదలుపెడుతుంది. మొదటిసారి చాలాసేపు పడుతుంది. కింది గీత కదలడం లేదని విండో మూసేయకండి. మధ్యలో ఆపితే సగం దిగిన ఫైళ్లతో మళ్లీ మళ్లీ ఎర్రర్లు వస్తాయి. పచ్చ త్రికోణం నొక్కితే ఫోన్‌లో పలకరింపు తెర వచ్చేదాకా ముందుకు వెళ్లొద్దు.

4. స్టేషన్ల జాబితా రాద్దాం. ప్రతి స్టేషన్‌కూ తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, అక్షాంశం, రేఖాంశం ఇవ్వండి. గూగుల్ మ్యాప్స్‌లో స్టేషన్ మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలూ వస్తాయి. హైదరాబాద్‌లో 17తో మొదలయ్యేది అక్షాంశం, 78తో మొదలయ్యేది రేఖాంశం. ఇవి తారుమారైతే యాప్ ఏ ఫిర్యాదూ చేయదు, తప్పు స్టేషన్ చూపిస్తుందంతే. జాబితాను తెర మీద పెట్టడానికి లేజీ కాలమ్ వాడండి. అది తెర మీద కనపడే వరుసలనే తయారుచేస్తుంది.

5. పైన వెతుకు పెట్టె పెట్టండి. టైప్ చేసిన మాటను గుర్తుపెట్టుకోవడానికి చాలా పాఠాల్లో "రిమెంబర్" అని రాయిస్తారు. అలాగే రాసి, పెట్టెలో "పంజా" అని కొట్టి, ఫోన్‌ను అడ్డంగా తిప్పండి. మాట మాయమవుతుంది! ఫోన్ తిప్పగానే ఆండ్రాయిడ్ ఆ తెరను చెరిపేసి కొత్తగా కడుతుంది, మన మాట పాత తెరతోనే పోతుంది. "రిమెంబర్ సేవబుల్" అని మార్చి మళ్లీ తిప్పండి. ఈసారి ఉంటుంది. ఈ అడుగును దాటవేయకండి, కింద ఇంకోసారి దీనితో పని ఉంది.

6. జీపీఎస్ కలుపుదాం. అనుమతి రెండు చోట్ల కావాలి. ఒకటి మ్యానిఫెస్ట్ ఫైలులో రాయాలి, రెండోది యాప్ నడుస్తుండగా వాడేవారిని అడగాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ ఈ పద్ధతే. ఆండ్రాయిడ్ 12 నుంచి వాడేవారు కచ్చితమైన చోటు చెప్పొచ్చు, ఇంచుమించు చోటుతో సరిపెట్టొచ్చు. ఇంచుమించు అంటే దాదాపు 3 చదరపు కిలోమీటర్ల లోపల ఎక్కడైనా కావచ్చు. అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్లు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి కదా, ఆ అంచనాతో మన యాప్ ధీమాగా తప్పు చెబుతుంది. ఇంచుమించు అనుమతి వచ్చినప్పుడు "కచ్చితంగా చెప్పలేం" అని తెర మీద ఒక వాక్యం పెట్టండి.

తర్వాత ఫ్లట్టర్

7. ఫ్లట్టర్ ఎస్‌డీకేను సీ డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లో విప్పండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టొద్దు. పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్లలోనూ వద్దు. టెర్మినల్ తెరిచి "ఫ్లట్టర్ డాక్టర్" అనే ఆదేశం కొట్టండి. ఏది ఉందో ఏది లేదో వరుసగా చెబుతుంది. మొదటి అడుగులో టిక్ పెట్టిన కమాండ్ లైన్ టూల్స్ ఇక్కడ అక్కరకొస్తాయి. లైసెన్సులు ఒప్పుకోమంటే అన్నిటికీ ఒప్పుకోండి. విజువల్ స్టూడియో దగ్గర ఎర్ర గుర్తు ఉంటే కంగారు వద్దు, అది విండోస్ యాప్‌లు కట్టేవాళ్లకు.

8. ప్రాజెక్టు పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా ఇవ్వండి. మాటకూ మాటకూ మధ్య కింది గీత పెట్టొచ్చు.

9. అదే 27 స్టేషన్ల జాబితాను డార్ట్ భాషలో రాయండి. లేజీ కాలమ్ చేసిన పని ఇక్కడ లిస్ట్‌వ్యూ బిల్డర్ చేస్తుంది. ఒక రంగు మార్చి సేవ్ చేయండి. కనురెప్ప వేసేలోగా ఫోన్‌లో మారిపోతుంది. దీన్నే హాట్ రీలోడ్ అంటారు. చాలామంది ఫ్లట్టర్‌తో ప్రేమలో పడేది ఇక్కడే, అందులో తప్పేమీ లేదు. కానీ జాబితాను ఫైలు పైభాగంలో మామూలు వేరియబుల్‌గా పెట్టి, దానికి ఒక స్టేషన్ చేర్చి సేవ్ చేస్తే తెర మీదకు రాదు. హాట్ రీలోడ్ అలాంటి విలువలను మళ్లీ మొదటి నుంచి లెక్కించదు. హాట్ రీస్టార్ట్ నొక్కాలి.

10. వెతుకు పెట్టె పెట్టి ఫోన్ తిప్పండి. ఫ్లట్టర్‌లో మాట పోదు. ఫోన్ తిరిగినప్పుడు యాక్టివిటీని, అంటే యాప్ తెరను, చెరపవద్దని ఫ్లట్టర్ తయారుచేసిన మ్యానిఫెస్ట్‌లో ముందే రాసి ఉంటుంది. ఇప్పుడు డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేయండి. రెండు యాప్‌లలోనూ "పంజా" కొట్టి, హోమ్‌కు వెళ్లి, తిరిగి రండి. కోట్లిన్ యాప్‌లో మాట ఉంది. ఫ్లట్టర్‌లో పోయింది! ర్యామ్ తక్కువ ఉన్న ఫోన్‌లో, మధ్యలో కాల్ వచ్చినప్పుడు మీ వాడుకదారుకు జరిగేది దాదాపు ఇదే. ఫ్లట్టర్‌లోనూ దీనికి మందుంది, కానీ విడిగా రాసుకోవాలి. ప్రయోగం అయ్యాక ఆ మీటను ఆఫ్ చేయడం మరవొద్దు.

11. జీపీఎస్‌కు జియోలొకేటర్ అనే ప్యాకేజీ కలపండి. కోడ్ తగ్గుతుంది. కానీ అనుమతి కోసం ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, మనం 6వ అడుగులో చూసిన ఆ మ్యానిఫెస్ట్‌లోనే రాయాలి. నేటివ్ ముందు చేయించింది ఇందుకే. ముందు ఫ్లట్టర్ చేసినవాళ్లు ఈ ఫైలు దగ్గర బిక్కమొహం వేస్తారు, మీకు ఇది తెలిసిన ఇల్లే.

ఇప్పుడు పక్కపక్కన

12. రెండింటికీ రిలీజ్ ఏపీకే, అంటే విడుదల చేసే రూపంలోని ఇన్‌స్టాల్ ఫైలు, తయారుచేయండి. కోట్లిన్ వైపు, కొత్త ప్రాజెక్టులో కోడ్ కుదించే మినిఫై సాధారణంగా ఆపి ఉంటుంది. ఆన్ చేయకపోతే నేటివ్ యాప్ అన్యాయంగా బరువు తూగుతుంది. ఫ్లట్టర్ వైపు, మామూలుగా తయారయ్యే ఏపీకేలో మూడు రకాల ప్రాసెసర్లకు కావాల్సిన సరుకంతా ఒకే మూటగా ఉంటుంది. "స్ప్లిట్ పర్ ఏబీఐ" అని చెబితే ఒక్కో దానికి ఒక్కో ఏపీకే వస్తుంది. వాటిలోంచి మీ ఫోన్‌కు సరిపోయేదాన్ని తూచండి.

13. ఆండ్రాయిడ్ స్టూడియోలోని ఏపీకే అనలైజర్‌తో రెండు ఏపీకేలనూ తెరవండి. ఈ పని తప్పకుండా చేయాలి. ఏ కోర్సులో చేరినా ఇంత సూటిగా తేడా కనపడదు. కోట్లిన్ యాప్‌లో "క్లాసెస్" పేరుతో డెక్స్ ఫైళ్లు ఉంటాయి. అందులో ఉన్నది నేరుగా ప్రాసెసర్ భాష కాదు, ఫోన్‌లోని ఆండ్రాయిడ్ రన్‌టైమ్ దాన్ని అక్కడికక్కడ మార్చుకుంటుంది. ఫ్లట్టర్ యాప్‌లో "లిబ్" ఫోల్డర్ తెరిస్తే రెండు పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి: లిబ్‌ఫ్లట్టర్, లిబ్‌యాప్. రెండోదే మన డార్ట్ కోడ్. దాన్ని ఫ్లట్టర్ మన ల్యాప్‌టాప్ మీదే ఫోన్‌లోని ఆర్మ్ చిప్ భాషలోకి ముందే మార్చి పెట్టింది. మొదటిది ఫ్లట్టర్ ఇంజిన్. ఎంత చిన్న యాప్ అయినా ఈ ఇంజిన్‌ను మోయాల్సిందే. "ఫ్లట్టర్ యాప్ బరువెక్కువ" అనే మాటకు మూలం ఇదే.

14. డెవలపర్ ఆప్షన్స్‌లో "షో లేఅవుట్ బౌండ్స్" ఆన్ చేసి రెండు యాప్‌లూ తెరవండి. కోట్లిన్ యాప్‌లో ప్రతి వరుస చుట్టూ గీతలు వస్తాయి. ఫ్లట్టర్‌లో లోపల ఒక్క గీత కూడా ఉండదు, తెరంతా ఒకే చదరం. ఆండ్రాయిడ్ దగ్గర ఒక ఖాళీ పలక తీసుకుని బటన్లూ అక్షరాలూ అన్నీ ఫ్లట్టర్ తానే గీసుకుంటుంది కాబట్టి అలా కనిపిస్తుంది. ఈ మీటతో మీ ఫోన్‌లోని మిగతా యాప్‌లనూ చూడండి. గూగుల్ పేను ఫ్లట్టర్‌లో కట్టినట్టు గూగుల్ చెప్పింది, మొదట దానితోనే పరీక్షించండి. రియాక్ట్ నేటివ్ ఇలా గీయదు. జావాస్క్రిప్ట్‌లో మనం చెప్పినదాన్ని బట్టి ఆండ్రాయిడ్ సొంత బటన్లనే తెప్పిస్తుంది.

15. రెండో ఫోన్ తీయండి. యాప్‌ను ఫోర్స్ స్టాప్ చేసి, గుర్తు మీద వేలు పెట్టినప్పటి నుంచి జాబితా కనిపించేదాకా వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూడండి. రెండింటికీ మూడు నాలుగు సార్లు చేయండి. కంటితో చూసి "ఇదే ఫాస్ట్" అంటే ఎవరూ ఒప్పుకోరు, వీడియో ఉంటే ఒప్పుకుంటారు.

16. చివరగా ఫోన్ పట్టుకుని అమీర్‌పేట స్టేషన్ నుంచి పంజాగుట్ట స్టేషన్ దాకా నడవండి. దారిలో రెండు యాప్‌ల బటన్లూ నొక్కుతూ ఉండండి. మెట్రో వంతెన కింద, ఎత్తయిన భవనాల పక్కన జీపీఎస్ తడబడుతుంది. రెండింటిలోనూ తడబడుతుంది, ఎందుకంటే రెండూ అడిగేది ఒకే ఫోన్‌ను. ఇక్కడ నేటివ్ అయినంత మాత్రాన గెలవదు.

పొరపాట్లు

అన్నిటికన్నా పెద్ద పొరపాటు డీబగ్ యాప్‌లను పోల్చడం. డీబగ్‌లో, అంటే అభివృద్ధి దశలో, ఫ్లట్టర్ కోడ్ అప్పటికప్పుడు మారుతూ నడుస్తుంది, అందుకే తడబడుతుంది. కోట్లిన్ యాప్ కూడా డీబగ్‌లో మందకొడిగానే ఉంటుంది. పోలిస్తే రిలీజ్‌తో రిలీజ్‌నే పోల్చాలి.

రేపు స్టేషన్ల జాబితాను నెట్ నుంచి తెచ్చుకునేలా ఫ్లట్టర్ యాప్‌ను మార్చారనుకోండి. డీబగ్‌లో బ్రహ్మాండంగా పనిచేసి, రిలీజ్‌లో ఖాళీ తెర చూపిస్తుంది. ఇంటర్నెట్ అనుమతి డీబగ్ మ్యానిఫెస్ట్‌లో ముందే ఉంటుంది, అసలు మ్యానిఫెస్ట్‌లో మాత్రం మనమే రాయాలి. ఇంటర్వ్యూకు ముందు రోజు రాత్రి ఇది బయటపడితే చాలా కష్టం.

తెలుగు అక్షరాలను మరవొద్దు. ఇంగ్లిష్ పేర్లకు సరిపోయేలా వరుస ఎత్తు బిగించి పెడితే "పంజాగుట్ట"లో ట వత్తూ "ఎర్రమంజిల్"లో ర వత్తూ అడుగున కోసేసినట్టు కనిపించవచ్చు. వరుసకు కాస్త ఊపిరి ఇవ్వండి. ఇంకో చిక్కు వెతుకులాటలో ఉంది. "అమీర్‌పేట" అని రాసేటప్పుడు ర్ తర్వాత ప వత్తుగా మారకుండా కీబోర్డు మధ్యలో కనపడని ఒక గుర్తు చేరుస్తుంది. జాబితాలో ఆ గుర్తు ఉండి, వెతికేవారు కొట్టినదాంట్లో లేకపోతే స్టేషన్ దొరకదు. పోల్చే ముందు రెండు వైపులా ఆ గుర్తును తీసేయండి. ఇంగ్లిష్‌లో పంజాగుట్టను పీయూతోనూ రాస్తారు, పీఏతోనూ రాస్తారు. రెండూ జాబితాలో పెట్టండి. ఈ పనులు ఏ పనిముట్టూ మన కోసం చేయదు.

"ఫ్లట్టర్ నేర్చుకుంటే ఐఫోన్ యాప్ ఉచితంగా వచ్చేస్తుంది" అనే మాట సగమే నిజం. కోడ్ రాయడం విండోస్‌లో కుదురుతుంది. ఐఫోన్‌కు తయారుచేయాలంటే ఎక్స్‌కోడ్ ఉన్న మ్యాక్ కావాలి, లేదా అద్దె మ్యాక్ కావాలి. పైగా ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్ ప్లేలో అయితే ఒక్కసారి 25 డాలర్లు. అయితే 2023 నవంబర్ 13 తర్వాత వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు 12 మందితో 14 రోజులు వరుసగా పరీక్ష చేయించాలి. హాస్టల్లో ఉన్నవాళ్లకు ఆ 12 మందిని పోగుచేయడం కష్టమేమీ కాదు.

ఏది ముందు?

నా మాట సూటిగా చెబుతాను. ఉద్యోగం కోసం వచ్చినవారు ముందు కోట్లిన్ పట్టండి, ఆ తర్వాత ఫ్లట్టర్. ఫ్లట్టర్‌లో చిక్కుపడ్డ ప్రతిసారీ మీరు చివరకు చేరేది గ్రేడిల్ దగ్గరికో మ్యానిఫెస్ట్ దగ్గరికో. ఆ పునాది ఉన్నవారికి ఏ క్రాస్ ప్లాట్‌ఫామ్ పనిముట్టయినా త్వరగా లొంగుతుంది. పునాది లేనివారు పనిముట్టు మారినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తారు. పనిముట్లు మారతాయి కూడా. అడోబీ 2020లో ఫోన్‌గ్యాప్‌ను మూసేసింది, మైక్రోసాఫ్ట్ 2024 మే 1తో జామరిన్‌కు మద్దతు ఆపేసింది. రియాక్ట్ నేటివ్‌తో చాలా దూరం నడిచిన ఎయిర్‌బీఎన్‌బీ 2018లో నేటివ్‌కు తిరిగి వెళ్తున్నామని ప్రకటించింది.

తెలిసినవాళ్ల దుకాణానికో, బంధువుల ట్యూషన్ సెంటర్‌కో వెంటనే రెండు రకాల ఫోన్లలో నడిచే యాప్ చేసిపెట్టాలంటే మాత్రం నేరుగా ఫ్లట్టర్ ఎత్తుకోండి. జాబితాలూ ఫారాలే ఉండే యాప్‌కు అదే సరైనది. బ్లూటూత్ పరికరాలు, ఎడతెగకుండా వెనక నడిచే పనులు, కెమెరాతో లోతైన వ్యవహారం ఉంటే నేటివ్‌కే ఓటు.

ఈసారి డెమో క్లాసుకు వెళ్లేటప్పుడు ఈ రెండు యాప్‌లూ ఉన్న ఫోన్ జేబులో పెట్టుకెళ్లండి. చెప్పేవారిని మూడు ప్రశ్నలు అడగండి: రిలీజ్ ఏపీకే మాతో చేయిస్తారా? అనుమతుల ఫైళ్లు మాతోనే రాయిస్తారా? ప్లే స్టోర్‌లో ఒక్క యాప్ అయినా పెట్టిస్తారా? మూడింటికీ అవునని చెప్పి, ఏ వారంలో ఏది చెబుతారో కాగితం మీద చూపించినవారి దగ్గరే ఫీజు కట్టండి.